లిఫ్ట్ కిట్ సంగతి తర్వాత, ముందు బండి కిందకి దూరండి

మన పక్క పాత జిప్సీ కొన్న ప్రతి కుర్రోడూ మొదట అడిగేది బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ ఎంతవుద్దనే, ఆ తర్వాత ముందు తగిలించే లైట్ బార్. కిందకి దూరి చాసీ, అంటే బండిని మోసే ఇనుప చట్రం, చూసుకున్నోడు మాత్రం నాకింకా తగల్లా. నేనుండేది కావలి పక్కన, సముద్రం గాలి తగిలే ఊరు. నాది ఎంజీ413డబ్ల్యూ, కార్బురేటర్ లేని ఎంపీఎఫ్ఐ ఇంజిన్ది, అంటే 2000 నుంచి వచ్చిన రకం. 2019లో మారుతీ వాళ్ళు జిప్సీ చేయడమే మానుకున్నారు కాబట్టి ఇంక ఉన్నవాటినే కాపాడుకోవాల. నా లెక్కన ఈడ బండిని తినేది రాళ్ళూ కాదు, రోడ్లూ కాదు, నీళ్ళు.

రొయ్యల గుంటల కట్టల మీద తిప్పితే ఆ ఉప్పు బురదంతా పోయి చాసీ సందుల్లో, బాడీని చాసీ మీద కూచోబెట్టే మౌంట్ల కింద కూచుంటది. సాయంత్రం ఇంటికొచ్చి పైపు పెట్టి శుభ్రంగా కడిగేశాం అనుకుంటాం, కానీ తీరం పక్క ఊళ్ళల్లో ఆ పైపులో వచ్చే బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి గదా, ఇంక కడిగేం లాభం. అందుకే నేను మంచినీళ్ళతో కడిగే సర్వీసింగ్ చోటికి పోయి కింద భాగం ఒక్కటే కొట్టిస్తా, పైన దుమ్ముంటే ఉండనీ. వేస్ట్ ఆయిల్ కొట్టించు తుప్పు రాదు అని చెప్పేవాళ్ళు చాలామంది ఉండారు, ఇనుముకి సరే, బుష్షులూ మౌంట్ల రబ్బర్లూ ఆ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడి చస్తాయి. దానికి బదులు గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి ఇనుము కనపడేదాకా గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరినాక జింక్ ప్రైమర్, దానిపైన చాసీ బ్లాక్ పెయింటు. ముందు సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే ఫర్లేదు, మొద్దుగా మోగితే ఆడ పెయింటు పనికిరాదు, ప్లేటు వేసి వెల్డింగ్ పెట్టాల్సిందే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు, ఇంజిన్ కంప్యూటర్ కప్లర్ పీకేయండి, లేకపోతే అదీ పోద్ది.

ఇంక స్టీరింగ్ వణుకు. పాత జిప్సీలు నడిపినోళ్ళకి తెలుసు, చిన్న గుంత తగిలితే చాలు చేతుల్లో స్టీరింగ్ దడదడలాడిపోద్ది. ఒకడు బ్యాలెన్సింగ్ అంటాడు, ఇంకోడు అదురు ఆపే స్టీరింగ్ డాంపర్ వేయమంటాడు. డాంపర్ వేయడం నొప్పికి బిళ్ళ మింగడం లాంటిది, నొప్పి యాడుందో చూసేది లేదు. ముందు చక్రం లేపి యాక్సిల్ కింద స్టాండ్ పెట్టండి (ఇటికలు పెట్టి దూరే వాళ్ళకి ఒక దండం), చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే ఇంట్లో ఎవరి చేతన్నా బ్రేక్ తొక్కించి మళ్ళా ఊపండి. అప్పుడు లూజు పోతే వీల్ బేరింగ్, పోకపోతే చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరుండే కింగ్ పిన్ బేరింగ్. "ఇంకెంతసేపు తొక్కాలయ్యా, పొయ్యి మీద కూరుంది" అని మా ఆవిడ అరుస్తానే ఉంది, లూజు మాత్రం పోలా.

ఆ బేరింగులుండే నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే కీలు భాగం) విప్పితే లోపల గ్రీసు ఉండాల్సిన చోట పాలు కలిపిన కాఫీ రంగు జిగట, అందులో ఇసక. బయట గోళాన్ని తుడిచే ఫెల్ట్ రింగు అరిగిపోయి నీళ్ళు నేరుగా లోపలికే పోతన్నాయి. బేరింగ్ కప్పు మీద రోలర్ల అచ్చులు గీతల్లాగా పడుండాయి, గోరు పెట్టి లాగితే టక్ టక్‌మని తగులుతున్నాయి. కొత్త బేరింగులు, ఫెల్టు, ఆయిల్ సీలు వేసి, షిమ్ములు, అంటే సందు సర్దే పలచని రేకులు, పైవీ కిందవీ కలిసిపోకుండా విడివిడిగా పెట్టుకుని బిగించా. షిమ్ము తీస్తే బిగుతు పెరుగుద్ది. సరిపోయిందా లేదా అనేది స్ప్రింగ్ కాటాతో నకిల్‌ని లాగి చూడాల, మాన్యువల్లో ఇచ్చిన బరువు దగ్గర కదలాల. కాటా కోసం చేపలమ్మే ఆమెని అడిగితే "ఏంది నాయనా, బండిని తూస్తావా" అని నవ్వింది గానీ ఇచ్చింది.

అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో ముందు యాక్సిల్‌కి గాలి ఆడించే బ్రీదర్ పైపులు. యాక్సిల్ వేడి మీదున్నప్పుడు కాలవలోకి దించితే లోపల గాలి చల్లబడి కుంచించుకుంటది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు పీలుస్తది, గేర్ ఆయిల్ తెల్లగా అయిపోద్ది. రబ్బరు పైపు, క్లిప్పులు కొని ముందుది బానెట్ లోపల పైకి, వెనకది టెయిల్ ల్యాంప్ వెనక్కి ఎక్కించా. యాక్సిల్ కిందకీ పైకీ ఆడేదానికి రవంత వదులు ఉంచాల. ఖర్చు లిఫ్ట్ కిట్ ముందు బఠాణీ.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు వద్దు, సున్నం కడతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, అంతే. కత్తిరి ఎండల్లో ఏసీ లేని బండిలో మనం ఓర్చుకుంటాం, హెడ్ గ్యాస్కెట్ ఓర్చుకోదు.

లైట్ బార్ బదులు హెడ్‌లైట్లకి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చి) వేసుకోండి. రెండు 55 వాట్ల బల్బులకి దాదాపు 9 ఆంపియర్లు, అదంతా పాత స్విచ్చీ సన్న తీగల్లోంచి పోతంటే బల్బు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్ పడిపోద్ది. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టిన లావు తీగ రిలే మీద 30 అని రాసున్న పిన్నుకి, 87 నుంచి బల్బుకి, పాత స్విచ్ తీగ 86కి, 85 ఎర్తుకి. హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి. అవే బల్బులు, తేడా గోడ మీద కనపడిద్ది.

ఇంక లిఫ్ట్ కావాలంటారా, కమాన్ కట్టలు ఎత్తితే ముందు యాక్సిల్ కోణం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం రెండూ మారతాయి, ఇందాక పోగొట్టిన వణుకు మళ్ళా వస్తది. పైగా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 15 ఏళ్ళు దాటినాక ఆర్సీ రెన్యువల్‌కి బండి చూపించాల్సింది మీరే. నేను మాత్రం కమాన్ కట్టల చివర ఉండే షాకిల్ బుష్షులకి నెల్లూరు ఆటోనగర్లో చెప్పి వచ్చా, అవి రాంగానే వెనక కట్టలు దించుతా.