అమ్మ జవాబు చెప్పడం మానేశాక

ఓసీడీ అంటే, వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి మళ్లీమళ్లీ చేసే పనులు ఉండే మానసిక జబ్బు. ఆ పేరు వినగానే చాలామందికి చేతులు పదేపదే కడుక్కోవడమే గుర్తొస్తుంది. నాకు ఆ అలవాటు లేదు. అందుకే నాకున్నదీ ఆ జబ్బేనని ఎవరికీ తట్టలేదు. 13వ ఏట నాకు ఒక ఆలోచన మొదలైంది: నిద్రపోతున్న తమ్ముణ్ణి నేనే కత్తెరతో పొడిచేస్తానేమో అని. వాడి మీద నాకు కోపం లేదు, అసూయ లేదు, వాడంటే ప్రాణం. అయినా ఉన్నట్టుండి ఆ దృశ్యం కళ్లముందు కదిలేది, ఒళ్లంతా చల్లబడిపోయేది. ఇలాంటిది తోచిందంటే నేను మనిషినేనా అని ఏడ్చేదాన్ని.

ఇంట్లో కత్తెరలు, కత్తులు, సూదులు నాకు కనబడని చోట పెట్టమనేదాన్ని. తమ్ముడున్న గదిలో ఒంటరిగా ఉండేదాన్ని కాదు. చదువుతుండగా ఆ ఆలోచన వస్తే, ఆ పేజీ మొత్తం మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. కానీ వీటన్నిటికన్నా ఎక్కువగా చేసిన పని అమ్మని అడగడం. "అమ్మా, నేను తమ్ముణ్ణి ఏమీ చెయ్యను కదా?"

"నువ్వెందుకు చేస్తావే, పిచ్చిదానా" అనేది అమ్మ. అప్పటికి మనసు కుదుటపడేది. కాసేపయ్యాక, అమ్మ వేరే పనిలో ఉండి సరిగ్గా వినకుండానే అనేసిందేమో అని అనుమానం. మళ్లీ అడిగేదాన్ని. రానురాను ఆ జవాబుకు నియమాలు పుట్టాయి. అమ్మ నా కళ్లలోకి చూస్తూనే చెప్పాలి. అవే మాటలు, అదే గొంతు. మధ్యలో దగ్గు వచ్చినా, ఎవరైనా పిలిచినా మొదటినుంచీ చెప్పాలి. పాపం, అర్ధరాత్రి లేపినా లేచి కూర్చుని చెప్పేది.

స్కూల్లో మార్కులు బాగానే వస్తుండేవి కాబట్టి నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదు. 10 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ప్రతి తరగతి గదిలోనూ కొందరుంటారు. వాళ్లలో గొడవ చేసేవాళ్లు కనబడతారు. లోపల కుమిలిపోతూ బుద్ధిగా కూర్చున్నవాళ్లు కనబడరు. మార్కులు పిల్లల మనసుకు కొలమానం కావని నా గట్టి నమ్మకం.

చివరికి పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. విషయం చెబితే పోలీసులకు పట్టిస్తారేమోనని భయపడుతూనే చెప్పాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "ఆ ఆలోచన వచ్చినప్పుడు నీకెలా ఉంటుంది?" అని మాత్రం అడిగారు. భయమేస్తుందని, అసహ్యమేస్తుందని చెప్పాను. తర్వాత పది ప్రశ్నలున్న ఒక ఫారం తీసి, ఆలోచనలకు రోజులో ఎంతసేపు పోతోంది, వాటిని ఎంతవరకు ఆపుకోగలుగుతున్నావు అంటూ ఒక్కొక్కటే అడిగి అంకెలు వేశారు. పిల్లల కోసం తయారైన యేల్-బ్రౌన్ స్కేలు అది, మొత్తం 40కి. నన్ను కుళ్లబొడుస్తున్నదానికి ఒక కొలత ఉందంటే, నాకన్నా ముందే నాలాంటి పిల్లల్ని చాలామందిని ఎవరో శ్రద్ధగా విన్నారన్నమాట. ఆ రోజు నాకు దొరికిన ధైర్యం అదే.

ఆవిడ చెప్పిన ఒక పరిశోధన సంగతి నా మనసులో నాటుకుపోయింది. 1978లో రాచ్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని, మీకు ఇష్టం లేని పాడు ఆలోచనలు వస్తుంటాయా అని అడిగారు. పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది వస్తాయన్నారు. అయినవాళ్లను గాయపరచడం, ఎత్తునుంచి దూకెయ్యడం లాంటివే. ఆ ఆలోచనల్ని, ఓసీడీ ఉన్నవాళ్ల ఆలోచనల్ని కలిపేసి చూపిస్తే, ఏది ఎవరిదో నిపుణులు కూడా తేలిగ్గా విడదీయలేకపోయారు. తేడా ఆలోచనలో లేదు, దానికి మనమిచ్చే విలువలో ఉంది. మిగతావాళ్లు దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తారు. నేను దాన్ని నా గుణమే అనుకుని, కాదని రుజువు చేసుకోవడానికి అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆ రుజువు దొరికినప్పుడల్లా భయం తగ్గేది. తగ్గిన ప్రతిసారీ, అడగకపోతే ప్రమాదమేనన్న నమ్మకం మెదడులో ఇంకొంచెం బలపడేది. దురదను గోకినకొద్దీ పెరిగినట్టు.

మందు దగ్గర ఇంట్లో చాలా తర్జనభర్జన జరిగింది. డాక్టర్ గారు సెర్ట్రలీన్ రాశారు, డిప్రెషన్‌కీ ఓసీడీకీ వాడే మందు అది. దాంతోపాటు ఇచ్చిన కాగితంలో, పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక చూసి నాన్న బెదిరిపోయారు. ఆవిడ విసుక్కోకుండా విడమరిచి చెప్పారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లో పెట్టిన హెచ్చరిక అది. పిల్లల మీద జరిగిన పరీక్షల్లో ఈ రకం మందులు వాడినవాళ్లలో దాదాపు 4 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం మందికి అలాంటి ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయి. ఆ పరీక్షల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. అయినా మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడల్లా పిల్లని దగ్గరుండి గమనించాలన్నారు. నాన్న అలాగే గమనించారు.

మందు ఒక్కటే సరిపోదని కూడా ఆవిడే చెప్పారు. అదే 2004లో, ఓసీడీ ఉన్న 7 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు 112 మందితో జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. 12 వారాల తర్వాత చూస్తే, థెరపీ (మాటలతో, సాధనతో చేసే చికిత్స), సెర్ట్రలీన్ రెండూ అందిన పిల్లల్లో సుమారు 54 శాతం మందికి జబ్బు దాదాపు లేనట్టే అయింది. థెరపీ ఒక్కటే అందినవాళ్లలో 39 శాతం, మందు ఒక్కటే అందినవాళ్లలో 21 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 4 శాతం. తమకు ఏ మాత్ర ఇస్తున్నారో తెలియకుండానే వారాల తరబడి మింగిన ఆ పిల్లల్ని నేను తరచూ తలుచుకుంటాను. నా చికిత్స నిలబడింది వాళ్ల మీదే.

నాకు చేసిన థెరపీ పేరు ఈఆర్‌పీ. భయపెట్టేదానికి ఎదురుగా వెళ్లాలి, వెళ్లాక భయం తగ్గించుకునే పనులేవీ చెయ్యకూడదు. నా భయాలన్నీ నిచ్చెన మెట్లలా రాయించారు. 'కత్తెర' అనే మాట రాయడం కింది మెట్టు. తమ్ముడు పడుకున్న గదిలో కత్తెర పట్టుకుని కూర్చోవడం పై మెట్టు. మొదట్లో ఆ మాట రాయడానికే చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయాయి.

పై మెట్టు ఎక్కిన సాయంత్రం బాగా గుర్తుంది. తమ్ముడు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. కత్తెర నా ఒళ్లో ఉంది, దాని పిడి నా చెమటకు జారుతోంది. గుమ్మం దగ్గర అమ్మ. "అమ్మా, నేనేం చెయ్యను కదా?" అన్నాను. అంతకుముందు డాక్టర్ గారి దగ్గర అందరం కలిసి అనుకున్న ప్రకారమే అమ్మ, "ఇది జబ్బు అడుగుతున్న ప్రశ్న, దీనికి నేను జవాబు చెప్పను. నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు, నువ్వు తట్టుకోగలవు" అంది. అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నాకు పిచ్చి కోపం వచ్చింది. గుండె దడదడలాడింది. చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఏ రుజువూ దొరక్కుండానే, ఆ దడ మెల్లగా దిగిపోయింది. అలా దిగుతుందని నాకు అంతకుముందు తెలియదు, దాన్ని దిగనిచ్చిందెప్పుడు గనక!

నాకన్నా అమ్మకే అది కష్టమైన వైద్యం. పిల్ల ఏడుస్తుంటే ఓదార్చకుండా ఉండటం ఏ తల్లికీ చేతకాదు. ఇంటివాళ్లు ప్రేమతో జబ్బుకు లొంగిపోవడం మీద కూడా పరిశోధన జరిగింది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చే పద్ధతి తయారుచేసింది. ఆందోళన జబ్బులున్న పిల్లల విషయంలో అది పిల్లలకు నేరుగా ఇచ్చే థెరపీకి తీసిపోలేదని 2020లో వెలువడిన ఫలితాలు చూపించాయి. ఇందులో తల్లిదండ్రుల తప్పు వెతకడం లేదు, వాళ్ల చేతిలో ఉన్న బలాన్ని చూపించడం ఉంది. అమ్మకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే తనలో తాను అంతగా నలిగిపోయేది కాదు.

మందు ఒక్కసారిగా ఆపలేదు, డాక్టర్ గారే నెలల మీద తగ్గించుకుంటూ వచ్చారు. పెద్ద పరీక్షల ముందు ఒకసారి జబ్బు మళ్లీ తలెత్తింది. ఈసారి నిచ్చెన నేనే రాసుకుని, కొన్ని సిటింగులకు వెళ్లొచ్చాను. పాడు ఆలోచనలు ఇప్పటికీ వస్తాయి. వచ్చినవాటిని అలా ఉండనిచ్చి, చేస్తున్న పని చేసుకుంటాను.

మీ ఇంట్లో పిల్లలు ఒకే ప్రశ్న పదేపదే అడుగుతుంటే, జవాబు చెప్పినా వాళ్లకు తృప్తి లేకపోతే, విసుక్కోకుండా, నవ్వేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ఓసీడీ అని తేలి మందు మాత్రమే రాసిస్తే, ఈఆర్‌పీ తెలిసినవాళ్లు ఎవరున్నారని అక్కడే అడగండి. ఆ చికిత్సలో మేమూ కూర్చుంటామని చెప్పండి.