ఏడో రోజు, పాము పుట్టలోకి పోయింది

ఆదివారం, రాత్రి పదిన్నర

ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. కుడి అరచేతిలో రెండు బొబ్బలు. పెళ్లి బ్లౌజుల వాళ్లు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. శుక్రవారం దాకా షాపు తియ్యనని మెషిన్ మీద ఒట్టేసి చెప్పినా నమ్మరు.

ఆపద మిత్ర, అంటే విపత్తులొస్తే సాయపడే వాలంటీర్ల శిక్షణ, మొత్తం 12 రోజులు. ఇవాళ్టికి ఏడు అయ్యాయి. 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లనే తీసుకుంటారు. నాకు 38. పేరు రాసుకున్న కుర్రాడు నా ఆధార్ కార్డు రెండుసార్లు చూసి, "మీరేనా అక్కా, మీ అబ్బాయి కోసమా?" అన్నాడు. వాడి మీద కోపం ఇంకా పోలేదు.

పొద్దున బొమ్మ మీద సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం. ఛాతీ మధ్యన, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మొదలు ఆనించి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఊదాలి. పద్దెనిమిదేళ్లుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతున్నదాన్ని, రెండంగుళాలంటే నాకు కొలిచి చూపించక్కర్లేదు. తొక్కుడు మెషిన్ మీద పొడుగు కుట్టు వేసేటప్పుడు కాళ్లకుండే వేగం చేతులకి తెచ్చుకున్నాను. సార్ మెచ్చుకున్నారు కూడా. తీరా రెండు నిమిషాలు దాటేసరికి చేతులు వణికి లోతు తగ్గిపోయింది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలట. నీళ్లలో మునిగినవాళ్లని తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించకూడదని ఆయన చెబితే సగం మంది నమ్మలేదు. మా ఊళ్లో తలకిందులుగా భుజాన వేసుకుని తిప్పేవాళ్లు. వాళ్లకి కావాల్సింది ముందు ఊపిరి, ఆలస్యం లేకుండా. అక్కడ పొట్టతో పనిలేదు.

సార్ కొండపావులూరు ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు దళం) బెటాలియన్ మనిషి. సగం హిందీ, సగం తెలుగు. ఆయన తెలుగులో క్రియలు ముందొచ్చి కర్తలు తర్వాత వస్తాయి. "దిగొద్దు అమ్మా, నువ్వు."

ఈ ఒక్క మాటే పొద్దుటి నుంచి యాభైసార్లు అని ఉంటారు. నీళ్లలో మనిషి కొట్టుకుపోతుంటే ముందు కర్రో చీరో అందించాలి. అందకపోతే తాడు విసరాలి. అదీ కుదరకపోతే పడవ. ఈదుకుంటూ వెళ్లడం అన్నిటికన్నా చివరన, అదీ నేర్చినవాళ్లే, నడుముకి తాడు కట్టుకుని. మునిగేవాడు మనల్ని మెట్టులా తొక్కి పైకొస్తాడు, వాడి తప్పు కాదు, ప్రాణం అలాంటిది అన్నారు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు.

నాకు మాత్రం 2024 సెప్టెంబరు 1 గుర్తొచ్చింది. అదీ ఆదివారమే. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లు బెజవాడలో మా సింగ్ నగర్ మీదికొచ్చాయి. మా వీధిలో ఇప్పటికీ వరదని మెట్ల లెక్కన చెప్పుకుంటాం. మాది తొమ్మిదో మెట్టు. కింద గదిలో నా పవర్ మెషిన్, జాకెట్ ముక్కలు, ఓవర్‌లాక్ అన్నీ నీళ్లలోనే. మర్నాడు పాలకని నడుం లోతులో బయల్దేరిన పక్క వీధి కుర్రాడు కాలవ ఎక్కడుందో తెలియక అందులో పడ్డాడు. మా ఆయన చొక్కా విప్పబోతే నేను వెనక నుంచి బనీను పట్టుకుని లాగాను. బనీను చిరిగింది కానీ వదల్లేదు. ఆ కుర్రాడు కరెంటు స్తంభం స్టే వైరు పట్టుకుని ఉండిపోయాడు, ఎవరో ట్యూబు మీద వెళ్లి తెచ్చారు. బతికాడు. అయినా ఆ రోజు నుంచి మా ఆయన మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ఆ బనీను ఊసు తెస్తాడు. నేనూ నోరు మూసుకుంటాను. ఆపింది భయంతోనే కదా.

ఇంటికొచ్చాక సార్ చెప్పింది ఆయనకి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. గెలిచినట్టుంటుంది.

మధ్యాహ్నం తాడు విసరడం. సంచిలో చుట్టి పెట్టిన తాడు, కొస చేత్తో పట్టుకుని సంచి విసరాలి. ఖాళీ మైదానంలో సున్నంతో నది గీశారు. అవతల ఒక కుర్రాడు కూర్చుని "రక్షించండీ" అని నవ్వుతున్నాడు. మనిషికి గురిపెడితే తాడు వాడి దాకా రాదు, వాడి భుజం మీదుగా అవతల పడేలా వెయ్యాలి. నా మొదటి సంచి నా కాళ్ల దగ్గరే పడింది. రెండోది సార్ టోపీకి తగిలింది. తొమ్మిదోది చేరింది. బొబ్బలు అప్పటివే.

తర్వాత శిథిలాల దగ్గర పని. పగిలిన స్లాబు ముక్కలు కుప్ప పోసి, కింద సిమెంటు గొట్టంలో ఒకణ్ణి దాచారు. విజిల్ వేస్తే అందరూ ఉన్నచోటే నిలబడిపోవాలి, కాలు కదపకూడదు, మాట్లాడకూడదు. ఒకరు కేక వేసి, రాయితో ఐదుసార్లు కొట్టి ఆగుతారు. మిగతావాళ్లు చెవి స్లాబుకి ఆనించి వింటారు. నేను చెవి ఆనించాను. దూరంగా రైలు, నా చెవిలో నా నాడి, ఇంకేం లేదు. అంత నిశ్శబ్దం బెజవాడలో నేనెప్పుడూ వినలేదు. సరిగ్గా అప్పుడే ఎవరిదో ఫోన్ మోగింది.

నాదే. కందిపప్పు డబ్బా ఎక్కడుందని మా ఆయన.

సార్ ఏమీ అనలేదు. మళ్లీ విజిల్ వేశారు. గొట్టంలో ఉన్నవాడు పాపం ఇంకో పావుగంట లోపలే ఉన్నాడు. ఈసారి గోరుతో గీకినట్టు చిన్న చప్పుడు వినపడింది. ముందు విన్నది నేను కాదు, నా పక్కనున్న డిగ్రీ అమ్మాయి. కాస్త కుళ్లుగానే ఉంది.

సాధన చేసుకోమని తలా రెండు గజాల తాడు ఇచ్చి పంపారు. బౌలైన్ ముడి ఇంకా చేతికి రాలేదు. తాడు కొస పాము, మెలిక పుట్ట, మిగతా తాడు చెట్టు అనుకోవాలట. పాము పుట్టలోంచి వచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్లీ పుట్టలోకి పోయింది. నా పాము ప్రతిసారీ చెట్టుకి అవతలి వైపు నుంచి తిరుగుతోంది. అన్నం తిన్నాక మంచం కోడుకి కట్టుకుంటూ కూర్చున్నాను. మా అత్తయ్య పక్కన కూర్చుని మందుబిళ్లలు లెక్కపెట్టుకుంటోంది.

ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న ఆవుల పలుపులు విప్పి వాటిని వదిలేసి, అందులో ఒక పలుపుతో ఈవిణ్ణి తుమ్మచెట్టుకి కట్టాడు. ఇంతవరకు మాకు తెలిసిన కథే, నవంబరు వస్తే ఏటా వింటాం. ఇవాళ ఇంకో ముక్క చెప్పింది. నీళ్లు తీశాక ఆ ముడి రాలేదట. జనప తాడు తడిసి, ఉబ్బి, రాయిలా బిగుసుకుపోయిందట. నాన్న వేళ్ల గోళ్లు ఊడొచ్చాయి కానీ ముడి ఊడలేదు. ఎవరి కొడవలో దొరికేదాకా పొద్దంతా చెట్టుకే ఉంది. చుట్టూ ఏం తేలుతున్నాయో చూస్తూ. అది మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఇదీ అంతేనా?" అంది నా తాడు చూసి.

అప్పటికి పాము ఎలాగో దారిలో పడింది. ముడి కుదిరింది. మా ఆయన్ని పిలిచి గట్టిగా లాగమన్నాను. కాలు మంచానికి తన్నిపెట్టి మరీ లాగాడు. మంచం కదిలింది, ముడి జారలేదు. తాడు వదులు చేసి, ముడి వెనక ఉన్న మెలికని బొటనవేలితో అత్తయ్యనే నెట్టమన్నాను. నెట్టింది. మొత్తం విడిపోయి ఆవిడ ఒళ్లో పడింది.

కాసేపు తాడుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మందుబిళ్లల డబ్బా మూత తెరిచే ఉంది.

"మళ్లీ కట్టు" అంది.