పైప్‌లైన్ చూద్దామని అలాస్కా వెళ్తే పాత క్యాట్ 245 ఎక్స్‌కవేటర్ దొరికింది

ఫేర్‌బ్యాంక్స్ వెళ్ళినవాళ్ళంతా పక్కనే ఉన్న ఫాక్స్ అనే ఊరి దగ్గర ఆగి ట్రాన్స్ అలాస్కా పైప్‌లైన్ పక్కన ఫోటో దిగుతారు, మేమూ దిగాం. 48 అంగుళాల పైపు, ప్రూడో బే నుంచి వాల్డీజ్ దాకా 800 మైళ్ళు. లోపల ఆయిల్ వేడిగా పోతుంది కాబట్టి కింద గడ్డకట్టిన నేల కరిగి పైపు కుంగిపోకుండా సగానికి పైగా స్తంభాల మీదే ఎత్తి పెట్టారు, మిగతా 380 మైళ్ళు మాత్రం భూమిలోనే. అందరూ పైనున్నదే చూస్తారు, నాకేమో భూమిలో పైపు కోసం కాలవ తవ్విన బండ్ల మీదే మనసు.

తిరిగొచ్చేటప్పుడు ఊరి చివర ఒక కాంట్రాక్టర్ యార్డులో పసుపు రంగు వెలిసిపోయిన పెద్ద బూమ్, అంటే తవ్వే బండి చెయ్యి, కనబడింది, ఆపు ఆపు అన్నా, బావ "మళ్ళీ మొదలెట్టావా" అని విసుక్కుంటూనే ఆపాడు. అక్కడున్న పెద్దాయన్ని అడిగితే చూసుకోండి అన్నాడు. క్యాట్ 245! క్యాటర్‌పిల్లర్ వాళ్ళు హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్లలోకి దిగిందే 1972లో 225తో, 245 వచ్చింది 1974లో, మరుసటేడు మార్చిలో ఈ పైప్‌లైన్‌కి మొదటి పైపు వేశారు. దాదాపు 60 టన్నుల బండి, 325 హార్స్‌పవర్. ఇనుప తాళ్ళతో బకెట్ లాగే పాత రోప్ బండ్లు బకెట్ బరువు మీద ఆధారపడి తవ్వేవి, దీనికి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ జాకీల బలంతో బకెట్‌ని నేలలోకి నొక్కే వీలుంది. అయినా ఇక్కడి నేల కాంక్రీటే అనుకోండి, ముందు డ్రిల్ వేసి పేల్చాకే బకెట్ దించేవాళ్ళట. చలికాలంలో ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ అవదని రాత్రంతా ఆన్‌లోనే ఉంచేవాళ్ళమని చెప్పాడాయన, కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ పనిలోనే ఉన్నాడట.

ఈ పిచ్చి నాకు ఇంట్లో వచ్చిందే, నాన్న ఎల్ అండ్ టీ 90 సీకే పొక్లెయిన్ నడిపేవాడు. రాత్రి ఎనిమిదైనా ఇంకా ఎండ కాస్తోంది, ఇండియాలో పొద్దున్నే కదా అని నాన్నకి వీడియో కాల్ చేశా. నాకు కనపడనివి ఆయనకి ముందు కనపడ్డాయి. "బకెట్ పిన్ను దగ్గర చూపించు... బుష్‌లు పోయాయి రా, ఆ సందు చూడు" అన్నాడు, పిన్ను చుట్టూ ఉండే తొడుగులు అరిగిపోయాయన్నమాట, వేలు పెడితే నిజంగానే పట్టింది. జాకీ రాడ్ మీద తుప్పు చుక్కలు చూసి, ఆయిల్ కారకుండా ఆపే సీల్స్ ఇంకేం మిగులుతాయి అని బాధపడ్డాడు. బండి ఎన్ని గంటలు పనిచేసిందని మీటర్ చూపిస్తోందో అడగమన్నాడు, అడిగా. "ఏ మీటరు? ఇది మూడోది" అని పెద్దాయన నవ్వాడు.