బెబెతో వంతు ఇంకా మిగిలే ఉంది

లైటు తీసేసి పడుకున్నాను గానీ నిద్ర పట్టక మళ్ళీ లేచి కూర్చున్నాను. తమ్ముడి కొడుకు చిన్నోడన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"బాజియో అంటే ఆ పెనాల్టీ పైకి కొట్టినాయన కదత్తా?"

వెటకారంగా అనలేదు పాపం. ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు బాజియో గురించి వాడికి తెలిసింది ఆ ఒక్క ముక్కే, 1994 వరల్డ్ కప్ ఫైనల్లో ఆయన పెనాల్టీ బార్ మీదుగా పోయిందని. అదే అన్నాడు. నాకే మింగుడు పడలేదు. ఫోన్ పెట్టేశాక కూడా వాడికి ఏం చెప్పి ఉండాల్సిందో నాలో నేనే చెప్పుకుంటూ తిరిగాను.

అసలు మొదలైంది బాజియో దగ్గర కాదు. ఎప్పటిలాగే తండ్రీకొడుకులు కోచ్‌లలో గార్డియోలా గొప్పా, ఫెర్గూసన్ గొప్పా అని మొదలుపెట్టారు. తమ్ముడి సంగతి మీకు తెలుసు కదా, వాడికి ఫెర్గూసన్ తర్వాతే ఎవరైనా. "మీవాడికి ముందు మెస్సీని ఇచ్చారు, తర్వాత బోలెడు డబ్బున్న క్లబ్ ఇచ్చారు. ఫెర్గూసన్ 1983లో అబర్డీన్ లాంటి చిన్న క్లబ్‌ని పెట్టుకుని ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని ఓడించాడు. అదీ కోచింగ్ అంటే!" అని వీడు. "2009లో మూడు కప్పులు, 2023లో ఇంకో క్లబ్‌తో మళ్ళీ మూడు కప్పులు. ఇంకేం కావాలి నాన్నా?" అని వాడు. మధ్యలో నేను, గార్డియోలా బార్సిలోనా వదిలేశాక ఇటలీలో బ్రెషా అనే చిన్న క్లబ్‌లో బాజియో పక్కన ఆడాడు, తెలుసా అన్నాను. అప్పుడు వచ్చింది ఆ మాట.

కోపం చిన్నోడి మీద కాదు. ఈ లెక్కల మీద. ఎవరు గొప్ప అని అడిగితే చాలు, ఎన్ని కప్పులు, ఎన్ని గోల్స్, ఎన్ని బాలన్ డోర్‌లు (ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) అని వేళ్ళు మడిచేస్తున్నారు. పేలేకి మూడు వరల్డ్ కప్పులని అందరం అంటాం. 1962లో రెండో మ్యాచ్‌లోనే ఆయనకి గాయమైంది, ఆ తర్వాత ఇక ఆడలేదు. ఆ కప్పు మోసుకొచ్చింది గరించా. లెక్కలో మాత్రం పేలేకి మూడు. పుష్కాష్‌కి ఒక్కటీ లేదు, క్రైఫ్‌కీ లేదు. అయితే ఏమంటారు, వాళ్ళు తక్కువా?

మెస్సీనే తీసుకుందాం, చిన్నోడికి దేవుడు కాబట్టి. 2016లో కోపా అమెరికా ఫైనల్, చిలీతో షూటౌట్. మెస్సీ కూడా పెనాల్టీ పైకే కొట్టాడు. ఇక దేశానికి ఆడనని కూడా అనేశాడు. ఆ రోజు అక్కడే ఆగిపోయి ఉంటే? సరే, ఆగలేదు, 2022లో కప్పు కొట్టాడు. ఆ ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో, ఇక విజిల్ వేయడమే తరువాయి అన్నప్పుడు, ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా గోల్ ముందుకొచ్చి కొట్టాడు. అర్జెంటీనా గోల్‌కీపర్ మార్తినెజ్ ఎడమ కాలు చాపాడు, బంతి తగిలి పక్కకి పోయింది. కాలు ఇంకో రెండు అంగుళాలు ఇటు ఉండి బంతి లోపలికి పోయి ఉంటే మెస్సీకి ఆట రాదని అనేవాళ్ళమా? మెస్సీ ఆ క్షణంలో మైదానంలో ఎక్కడో నిలబడి చూస్తున్నాడు, అంతే. తన గొప్పతనం ఇంకొకడి కాలి మీద ఆధారపడి ఉంది. ఇది చిన్నోడితో అనాల్సింది. అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది.

1994 రాసేదాకా నిద్ర పట్టదు నాకు.

అమ్మ, తమ్ముడు నిద్రపోతున్నారని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించేసి చూశాం, నాన్నా నేనూ. బ్రెజిల్, ఇటలీ. పసడీనాలో మిట్టమధ్యాహ్నం ఎండ, అందరూ సొమ్మసిల్లినట్టే ఆడారు. నూట ఇరవై నిమిషాలు ఒక్క గోల్ లేదు. ఇక షూటౌటే, జట్టుకి ఐదేసి పెనాల్టీలు. ఇటలీ తరఫున మొదటి పెనాల్టీ బారెసి కొట్టాడు. ఆయనకి మోకాలికి ఆపరేషన్ జరిగి నెల కూడా కాలేదు, అయినా ఆ మ్యాచ్ మొత్తం బ్రెజిల్ స్ట్రైకర్ రొమారియోని కదలనివ్వలేదు. తీరా పెనాల్టీ పైకి పోయింది. మస్సారోది బ్రెజిల్ గోల్‌కీపర్ తఫరేల్ ఆపేశాడు. చివరికి బాజియో వచ్చాడు, తొడ కండరం పట్టేసి నడుస్తూనే. వెనకాల ఆ చిన్న పిలక. నాన్న చెయ్యి టీవీ మీద పెట్టుకుని నిలబడ్డారు, ఎందుకో. బంతి బార్ మీదుగా పోయింది. తఫరేల్ మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తాడు. బాజియో తల దించుకుని నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. చాలాసేపు. సౌండ్ లేదు కాబట్టి నాకు ఆ దృశ్యం ఇప్పటికీ నిశ్శబ్దంగానే గుర్తుంది.

అయితే ఎవరూ చెప్పని మాట ఒకటుంది. అప్పటికి స్కోరు 3-2. బాజియో గోల్ కొట్టినా 3-3 అయ్యేది, అంతే. బ్రెజిల్‌కి ఐదో పెనాల్టీ మిగిలే ఉంది, కొట్టాల్సింది బెబెతో అనే ఆటగాడు. అంటే బాజియో కొట్టినంత మాత్రాన ఇటలీకి కప్పు వచ్చేసేది కాదు. ముందు ఇద్దరు పోగొట్టాక ఆఖర్లో వచ్చినవాడి నెత్తిన మొత్తం రుద్దేశారు.

అసలు ఇటలీ ఆ ఫైనల్ దాకా ఎలా వచ్చింది? నైజీరియాతో 88వ నిమిషం వరకూ 1-0తో ఓడిపోతూనే ఉన్నారు, జోలా రెడ్ కార్డ్‌తో బయటికి పోయాడు, పదిమందే. బాజియో సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో పెనాల్టీ కొట్టి గెలిపించాడు. అవును, పెనాల్టీయే. స్పెయిన్ మీద మళ్ళీ ఆఖర్లో గోల్. బల్గేరియాతో సెమీస్‌లో నాలుగైదు నిమిషాల తేడాలో రెండు గోల్స్. ఇవన్నీ పోయి ఆ ఒక్క తన్నే మిగిలిందా?

పెనాల్టీల వరుస తప్పు రాస్తానేమోనని పాత వీడియోలు వెతికాను. అక్కడ అదే వరల్డ్ కప్‌లో ఇటలీ ఆడిన నార్వే మ్యాచ్ కనబడింది. అది చూశాక ఇందాక రాద్దామనుకున్నది ఇక రాయలేకపోతున్నాను.

రాద్దామనుకున్నది అప్పటి ఇటలీ కోచ్ సాకీ గురించి. మీలో పాతవాళ్ళకి తెలుసు, ఆ పేరెత్తితేనే నాకు మండుతుంది. మొదటి మ్యాచ్ ఐర్లాండ్‌తో ఓడిపోయారు, నార్వేతో గెలవకపోతే అంతే సంగతులు. ఇరవై ఒకటో నిమిషంలో గోల్‌కీపర్ పాల్యూకాకి రెడ్ కార్డ్. రెండో కీపర్‌ని దింపాలంటే ఎవరినో ఒకరిని తీయాలి. సాకీ బాజియోని తీశాడు! అంతకుముందు ఏడాదే బాలన్ డోర్ అందుకున్నవాణ్ణి. బాజియో నమ్మలేనట్టు చూసి, ఈయనకి పిచ్చెక్కింది అన్నాడు, పెదవులు కదలడం టీవీలో కనబడింది. నేనూ అదే అన్నాను. నాన్న మాత్రం "పదిమందే ఉన్నారు కదమ్మా, పరిగెత్తేవాళ్ళు కావాలి" అన్నారు. రెండ్రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇటలీ 1-0తో గెలిచింది. సిన్యోరి ఫ్రీ కిక్ వేశాడు, దీనో బాజియో (ఇతను వేరే బాజియో) తలతో కొట్టాడు. ఆ గ్రూపులో చివరికి నాలుగు జట్లకీ నాలుగేసి పాయింట్లు. ఇటలీ మూడో స్థానంతో బతికి బయటపడింది. నార్వేతో గెలవకపోయి ఉంటే నైజీరియా మ్యాచే లేదు, బాజియో గోల్స్ లేవు, పసడీనా లేదు. ఇన్నేళ్ళూ నేను ఈ వరుసని ఈ వైపు నుంచి చూడనే లేదు.

పైగా సాకీ అంటే ఆ ఒక్క సబ్‌స్టిట్యూషనేనా? ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడనివాడు, బూట్లు అమ్మినవాడు. మీకేం తెలుసని అడిగితే, జాకీ కావడానికి ముందు గుర్రంగా పుట్టాలని నాకు తెలియదే అన్నవాడు. 1989లో ఆయన మిలాన్ జట్టు సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌కి ఐదు కొట్టింది, ఫైనల్లో స్టెవా బుకరెస్ట్‌కి నాలుగు. ఆ మరుసటి ఏడు మళ్ళీ కప్పు. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ముందున్నవాళ్ళు అందరూ ఒక తాడుకి కట్టినట్టు కలిసి ముందుకీ వెనక్కీ కదలడం ఆ జట్టులో చూడాలి. ఇవాళ ప్రతి కోచ్ నోటా వినిపించే ప్రెసింగ్‌లో, అంటే బంతి ఉన్నవాడి మీద అందరూ కలిసి ఒత్తిడి పెట్టడంలో, ఆయన వాటా ఎంతో ఉంది. ముప్పై ఏళ్ళు నేను ఆయన్ని ఒక్క నిమిషానికి కుదించి పెట్టుకున్నాను. చిన్నోడు బాజియోని ఒక్క పెనాల్టీకి కుదించాడని కదా ఇందాకటి నుంచి నా బాధ.

సరే, పూర్తిగా ఒప్పుకోను. బాజియో బదులు ఫార్వర్డ్ కసిరాగిని తీయొచ్చుగా? తర్వాత ఎలాగూ తీశాడు.

బాజియో అదృష్టం ఏంటో గానీ, కోచ్‌లతో ఆయనకి ఎప్పుడూ ఇదే. 2002లో మోకాలి లిగమెంట్ తెగి మూడు నెలలు తిరక్కుండానే మైదానంలోకి వచ్చి రెండు గోల్స్ కొట్టాడు, అయినా ఇటలీ కోచ్ ట్రపటోనీ వరల్డ్ కప్‌కి తీసుకెళ్ళలేదు. ఒక్క మజ్జోనే మాత్రం ఆయన్ని ఉన్నది ఉన్నట్టు ఆడనిచ్చాడు, బ్రెషాలో. అక్కడ పదో నంబర్ స్థానం, అంటే ముందుండి దాడి నడిపే స్థానం, బాజియోది కాబట్టి కుర్ర పిర్లోని వెనక్కి జరిపాడు. పిర్లో తర్వాత పిర్లో అయింది అక్కడి నుంచే. ఇలాంటివి కప్పుల లెక్కలో ఎక్కడ రాస్తారు? మజ్జోనేని గొప్ప కోచ్‌ల జాబితాలో ఎవరైనా పెట్టగా చూశారా?

2001 ఏప్రిల్ 1, జువెంటస్ మీద. బ్రెషా ఒక గోల్ వెనకబడి ఉంది. పిర్లో మధ్య నుంచి తలెత్తి పొడుగ్గా ఒకటి వేశాడు. బాజియో బంతికి వీపు పెట్టి గోల్ వైపు పరిగెడుతున్నాడు. భుజం మీదుగా దిగుతున్న బంతిని చూసీ చూడనట్టు కాలితో అలా తాకాడు. బంతి ఎగరలేదు, ఆగిపోలేదు, ఆయన వెళ్ళే దారిలోనే పక్కకి జరిగింది. ముందుకొచ్చిన జువెంటస్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ఆ ఒక్క తాకుడుకే వెనకపడిపోయాడు. మిగిలింది ఖాళీ గోల్.

చిన్నోడికి ఆ వీడియో పంపాను, ఏమీ రాయకుండా. బెబెతో సంగతి కూడా రాద్దామనుకుని తుడిపేశాను. ముందు ఇది చూడనీ.

రేపు పొద్దున్నే నాన్నకి ఫోన్ చేయాలి. నార్వే మ్యాచ్ విషయంలో మీరన్నదే నిజమేమో నాన్నా అని చెప్పాలి. కసిరాగి గురించి కూడా అడగాలి.