కౌలాలంపూర్‌కు చుట్టాలొస్తే

ఊరి నుంచి అమ్మమ్మ, పిన్నమ్మమ్మ, వాళ్ళ మనవడు వస్తున్నారని చెప్పగానే పదమూడేళ్ళ మా అమ్మాయి ఖరాఖండిగా చెప్పేసింది: "మీరు తిప్పండమ్మా, నేను రాను. ఎవరైనా వచ్చారంటే చాలు, వాళ్ళతోపాటు మనం కూడా చుట్టాలమైపోతున్నాం."

మలేషియా రాజధాని అయిన ఈ ఊళ్ళో కాపురముంటున్న తెలుగువాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వచ్చినవాళ్ళు ఎవరైనా తిరుగుడు మాత్రం ఒక్కటే. ముందు పెట్రోనాస్ ట్విన్ టవర్స్, తరువాత బటూ కేవ్స్ గుహల గుడి, ఆ తరువాత గెంటింగ్ కొండ, చివరగా మస్జిద్ ఇండియా వీధిలో బట్టలూ చాక్లెట్లూ కొనడం. ఆ తిరుగుడులో పిల్లల వంతు వచ్చే పని ఫోటోలు తీయడం, సంచులకు కాపలా ఉండడం, "నీకు తెలుగు వచ్చా తల్లీ?" అని అడిగినవాళ్ళకు వచ్చునని నిరూపించడం.

నాకు మొదట కోపమే వచ్చింది. మనవరాలిని చూడాలని డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి సముద్రం దాటి వస్తుంటే రాననడమేమిటి? మన ఇళ్ళల్లో ఇంటికి వచ్చినవారి దగ్గర పిల్లలు నాలుగు నిమిషాలు కూర్చోకపోతే పెద్దలు తప్పు పట్టేది పిల్లల్ని కాదు, పెంపకాన్ని. ఆ పద్ధతి మీద నాకు ఈనాటికీ గౌరవమే ఉన్నది. విదేశంలో పెరిగే పిల్లలకు అమ్మమ్మ అంటే ఫోను తెరలో కనిపించే ముఖం మాత్రమే కాకుండా ఉండాలంటే, ఆవిడ వచ్చిన ఆ కొద్ది రోజులూ పక్కన ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. అయితే తన మాటలోని రెండో సగాన్ని తోసిపుచ్చడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. సగం రోజులు నేను చెప్పినట్టు, సగం రోజులు తను చెప్పినట్టు.

ట్విన్ టవర్స్ నా వాటాలోకి వచ్చాయి. 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు, 1998 నుంచి 2004లో తైపే 101 వచ్చేదాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనాలు అని నేను వచ్చినవాళ్ళందరికీ అప్పజెబుతాను. ఇప్పుడు ఇదే ఊళ్ళో 678.9 మీటర్ల మెర్డెకా 118 వాటిని మించి నిలబడి ఉన్నా, మన వైపు వాళ్ళకు కౌలాలంపూర్ అంటే ఆ జంట భవనాలే. టిక్కెట్లు ముందుగానే కొనుక్కోవడం మంచిది. పెద్దవాళ్ళు ఉంటే పైకి వెళ్ళడంకన్నా సాయంత్రం చల్లబడ్డాక కింద పార్కులో కూర్చుని, చెరువులో పాటకు తగ్గట్టు లేచే నీటి ధారలు చూడడం హాయిగా ఉంటుంది. మా అమ్మ మాత్రం రెండు టవర్లనూ కలిపే మధ్య వంతెన ఎక్కాలన్నది. వరుసలో నిలబడి మోకాళ్ళు పట్టేసి విసుక్కుంటుంటే, మా అమ్మాయి ఒక చీటీ వెనక పెన్నుతో చతురస్రం గీసి, దాని మీద ఇంకో చతురస్రాన్ని వాలుగా తిప్పి గీసింది. ఎనిమిది కోణాల నక్షత్రం వచ్చింది. కోణానికీ కోణానికీ మధ్య లోపలి మూలల్లో చిన్న చిన్న అర్ధవృత్తాలు గీసి, "పైనుంచి కోసి చూస్తే ఈ టవర్ ఇలాగే ఉంటుంది అమ్మమ్మా, ముస్లింల కట్టడాల్లో కనిపించే నక్షత్రం ఇది, సీజర్ పెల్లి అనే ఆయన డిజైన్ చేశాడు" అని చెప్పింది. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని, గీతల మీద వేలు తిప్పి చూసి, "చుక్కలు పెట్టకుండానే ముగ్గు వేసేశావే!" అన్నది. ఆ తరువాత వరుస ఎంతసేపు నిలిచినా ఆవిడ విసుక్కోలేదు, ఇద్దరూ చీటీ అయిపోయేదాకా గీస్తూనే ఉన్నారు. నా ఎత్తుల లెక్కలు ఎవరూ అడగలేదు.

బటూ కేవ్స్ విషయంలో మా ఇద్దరి పట్టుదలా గట్టిదే. 272 మెట్లు, 2006లో ప్రతిష్ఠించిన 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, 2018లో మెట్లకు వేసిన ఇంద్రధనుస్సు రంగులు చూడకుండా ఎవరినైనా వెనక్కి పంపితే నాకు మనసొప్పదు. కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి కొమ్యూటర్ రైలు ఎక్కితే గుడి దగ్గరే దింపుతుంది. తెల్లవారగానే వెళ్ళాలి, ఎండ ఎక్కాక ఆ మెట్లు పెద్దవాళ్ళ వల్ల కాదు. చేతిలో పాలిథిన్ సంచి కనిపిస్తే కోతులు ఊరుకోవు. మోకాళ్ళు సహకరించని వాళ్ళకు కిందనే రామాయణ గుహ ఉంది, దాని ముందు పదిహేను మీటర్ల హనుమంతుడు నిలబడి ఉంటాడు, లోపల రామాయణ ఘట్టాలన్నీ బొమ్మలుగా పేర్చి ఉంటాయి. పడుకుని ఉన్న కుంభకర్ణుడి దగ్గర మా పిన్ని చాలాసేపు నిలబడి మనవడికి కథ చెప్పింది.

మా అమ్మాయికి మాత్రం బటూ కేవ్స్ అంటే మెట్లూ విగ్రహమూ కాదు, తైపూసం అనే మురుగన్ ఉత్సవం. 1873లో నగరం నడిబొడ్డున వెలసిన మహా మారియమ్మన్ గుడి నుంచి రాత్రివేళ వెండి రథం బయలుదేరి, గంటల తరబడి వీధుల్లో నడిచి గుహలకు చేరుతుంది. 1892 నుంచి సాగుతున్న ఈ ఉత్సవంలో పాలకుండలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ, కావళ్ళు మోసేవాళ్ళూ, దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ పంచేవాళ్ళూ కలిసి ఊరంతా రాత్రిని పగలు చేస్తారు. స్నేహితురాలి కుటుంబంతో ఒక ఏడాది రథం పక్కన నడిచి వచ్చింది మొదలు, అది లేనప్పుడు ఆ చోటును చూపించడం ఖాళీ పందిరిని చూపించి పెళ్ళి చూశారనడమేనని తను వాదిస్తుంది. మన చుట్టాలు వచ్చేదేమో పిల్లలకు వేసవి సెలవులిచ్చాక, తైపూసం వచ్చేదేమో జనవరి, ఫిబ్రవరిలలో. ఈ రెండూ కలవవు, మా వాదనా తెగదు.

గెంటింగ్ గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. కేబుల్ కారు, మబ్బు, చలి, ఆటల పార్కు. వచ్చిన ప్రతివారికీ నచ్చుతుంది కాబట్టి వెళ్తాం.

ఇక తన వాటా రోజులు. మొట్టమొదట తను తీసుకెళ్ళింది పసార్ మాలంకు. మన వారపు సంతలాగానే ఒక్కో పేటలో వారంలో ఒక్కో రోజు సాయంత్రం రోడ్డు మూసేసి పెట్టే బజారు అది. చెరాస్‌లోని తామన్ కనాట్‌లో బుధవారం జరిగేది అన్నిటిలోకీ పెద్దది. అక్కడ ఆపమ్ బాలిక్ బండి దగ్గర మా అమ్మను నిలబెట్టింది. లోతు తక్కువ ఇత్తడి పెనంలో పిండి పోసి, పెనాన్ని తిప్పి అంచుల దాకా పలచగా పాకించి, బుడగలు లేచాక పంచదార, దంచిన వేరుశనగపప్పు, ఉడికించిన మొక్కజొన్న గింజలు చల్లి, అంచు ఎర్రబడగానే సగానికి మడుస్తారు. అమ్మే ఆవిడను మా అమ్మాయి "కాక్" (అక్కా) అని పిలిచి, తీపి తగ్గించమని మలయ్‌లో చెప్పింది. ఆవిడ ఏదో అడిగితే ఇటు తిరిగి, "గుడ్డు తగులుతుంది, పర్వాలేదా అని అడుగుతోంది అమ్మమ్మా" అని తెలుగులో చెప్పింది. మా అమ్మ తినలేదు. పక్కనే చెరుకురసం తాగింది. పిన్ని మనవడు రెండు తిన్నాడు. శాకాహారుల కోసం ఏ సంబల్ కారప్పచ్చడిలో ఎండుచేప కలుస్తుందో, ఏ కొట్లో రోటీ చనాయ్‌తో ఉత్త పప్పే పోస్తారో పిల్లకు తెలిసినంతగా నాకు తెలియదని ఆ పూటే చూశాను.

నేను గమనించిన ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మూడు గంటల ఆ సంతలో మా అమ్మాయి మాట్లాడినంత తెలుగు ఇంట్లో నేను పట్టుబట్టి చదివించే ఆదివారాల్లో ఎన్నడూ మాట్లాడలేదు. మాట దొరకనిచోట చేత్తో చూపింది, వంకర టింకరగా చెప్పింది, నవ్వింది, మళ్ళీ చెప్పింది. చెప్పవలసినది తన దగ్గర ఉంది, విననున్నది అమ్మమ్మ. తెలుగు వచ్చునని ఎవరికీ నిరూపించవలసిన పని అక్కడ లేదు. అందుకే ప్రవాసంలో పిల్లలున్న స్నేహితులకు నేను ఈ మధ్య ఒక్కటే చెబుతున్నాను: మీ ఊరికి చుట్టాలు వస్తే ఒక్క రోజైనా మీ పిల్లల చేతికి అప్పగించండి, మీకు నచ్చకపోయినా ఆ రోజు నోరెత్తకండి.

తన రెండో ఎంపిక కౌలా సెలంగోర్ దగ్గర కంపుంగ్ కువాంతాన్ అనే పల్లెలోని మిణుగురులు. చీకటి పడ్డాక నదిలో చిన్న పడవల్లో తెడ్డు వేస్తూ ఒడ్డునున్న బెరంబాంగ్ చెట్ల పక్కగా తీసుకెళ్తారు. వేల మిణుగురులు ఒక్కసారిగా వెలిగి ఒక్కసారిగా ఆరుతాయి. వెన్నెల లేని రాత్రి వెళ్ళాలి, ఫోను వెలిగించకూడదు. ఫోటో ఒక్కటి కూడా రాని విహారం ఇదొక్కటేనని పిన్ని నొచ్చుకున్నది కానీ, ఊరికి ఫోను చేసినప్పుడు ముందుగా చెప్పినది దాని గురించే.

మూడోది నేను ఊహించనిది. అమ్మమ్మను మా అపార్టుమెంటులోనే పై అంతస్తుకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక మలేషియా తెలుగు కుటుంబం ఉంటుంది. వాళ్ళ పూర్వీకులు శ్రీకాకుళం ప్రాంతం నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్ళు. తెల్లవాళ్ళ ఎస్టేట్ల కోసం ఊళ్ళలో కంగాణీలు మనుషులను పోగుచేసి ఓడలెక్కించిన కాలం అది. 1938లో ఆ వలసలను ఆపేదాకా ఎందరో అలా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ ఇంటి పెద్దావిడ పేరాక్ రాష్ట్రంలోని ఒక తోటలో పుట్టింది, మన దేశం ఎన్నడూ చూడలేదు. ఆవిడ తెలుగు వింటూ మా అమ్మ, తన నాయనమ్మ అన్న మాటలు మళ్ళీ చెవిన పడ్డాయని కళ్ళు తుడుచుకున్నది. విజయనగరం నుంచి వచ్చిన మనిషికి ఈ నగరంలో ఇంతకన్నా చూడదగ్గది ఏముంటుంది? ఏ టూరు ప్యాకేజీలోనూ అది లేదు. నా జాబితాలో కూడా లేదు.

దిగి వస్తూ మెట్ల మీద మా అమ్మాయి అడిగింది: "వాళ్ళు ఈ ఊరివాళ్ళు అయిపోయారు కదమ్మా. మనం ఎప్పుడవుతాం?"

ఇంతవరకూ సలహాలు చెప్పిన నాకు ఇక్కడ మాట ముందుకు సాగదు. మావారి ఉద్యోగపు పాసు మీద మేం ఇక్కడ ఉంటున్నాం. మా అమ్మాయిది డిపెండెంట్ పాసు. పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ పాసు ఉండదు, చదువు కోసమో మరొకందుకో వేరే అనుమతి దొరికితేనే ఉండాలి. ఈ దేశంలో పుట్టినా సరే, పరాయి దేశస్థుల బిడ్డ అయితే పౌరసత్వం రాదు. తను ఏ ఊళ్ళో ఇంటి మనిషిలా అమ్మమ్మను చేయి పట్టుకుని తిప్పిందో, అదే ఊరికి ఇంకో అయిదేళ్ళలో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని చుట్టపుచూపుగా రావలసిన రోజు రావచ్చు. అది తెలిసి కూడా, ఇది నీ ఊరే, నువ్వే చూపించమని రోజులకు రోజులు అప్పగించడం బిడ్డకు మేలా? ఊరి మీద మమకారం ఇంకాస్త పెంచి, రేపటి దుఃఖాన్ని నా చేతులతో నేనే పెద్దది చేస్తున్నానేమో. పోనీ అంటీ ముట్టనట్టు పెంచుదామా అంటే, ఏ ఊరూ నాది కాదనుకునే పిల్లను తలచుకుంటేనే భయమేస్తుంది. మా అమ్మ దగ్గర ఈ సంగతి ఎత్తితే, "ఆడపిల్లను పుట్టింటి మీద మనసు పడకుండా పెంచుతామా ఏమిటి?" అన్నది. ఆవిడ మాటకు తల ఊపాను కానీ, పుట్టింటికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కదా అని నాలో నేను అనుకున్నాను.

వచ్చే మే నెలలో మా ఆడపడుచు కుటుంబం వస్తోంది. మా అమ్మాయి అప్పుడే కాగితం మీద రాసి పెట్టింది. ఈసారి కెపోంగ్‌లోని అటవీ పరిశోధన సంస్థ అడవి కూడా చేర్చింది. తగరం గనులు తవ్వి పాడుచేసిన నేలలో దాదాపు వందేళ్ళ క్రితం మొదలుపెట్టి మళ్ళీ పెంచిన అడవి అది. అక్కడి కపూర్ చెట్ల కింద నిలబడి పైకి చూస్తే, ఒక చెట్టు కొమ్మ ఇంకో చెట్టు కొమ్మను తాకకుండా మధ్యలో సన్నటి ఆకాశం కాలువల్లా కనిపిస్తుంది. ట్విన్ టవర్స్‌ను తను కొట్టేస్తే నేను మళ్ళీ రాశాను. పాసు సంగతి పూర్తిగా ఇప్పుడే చెప్పేయాలని మావారంటారు, పదిహేను నిండేదాకా ఆగుదామని నేనంటాను. మెట్ల మీద అడిగినప్పుడు మాత్రం, "పెద్దదానివి అయ్యాక చూద్దాంలే" అన్నాను. తను ఊరుకున్నది. నమ్మి ఊరుకున్నదో, అప్పటికే తెలిసి ఊరుకున్నదో నాకు తేలలేదు.