రెండడుగుల తొట్టిలో పాచితో ఐదు నెలలు

చెన్నై పెరంబూరులోని మా ఇంటి ముందుగదిలో 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న చేపల తొట్టి ఉంది. కొలతల ప్రకారం అందులో 70 లీటర్లు పట్టాలి గాని, అడుగున పోసిన ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా నిజంగా నిలిచే నీరు 58 లీటర్లే. ఎరువైనా మందైనా ఈ రెండో అంకె మీదే కొలవాలి కాబట్టి, తొట్టిని మొదటిసారి నింపేటప్పుడే బకెట్లు లెక్కపెట్టుకోవడం మేలు. మొక్కల్లో వాలిస్నేరియా, హైగ్రోఫిలా, క్రిప్టోకోరైన్, కొయ్యకు కట్టిన అనూబియాస్ ఉన్నాయి. చేపలు పది హార్లెక్విన్ రాస్బోరాలు. మొక్కలు బాగా పెరగడానికి కొందరు పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టలేదు.

ఫిబ్రవరిలో అద్దాల మీద, ఆకుల మీద గోధుమరంగు పొర పట్టింది. కొత్త తొట్టిలో కనిపించే డయాటమ్‌లు అనే సూక్ష్మమైన పాచి అది. వేలితో తుడిస్తే పోయింది, మూడు వారాల్లో దానంతట అదే తగ్గింది.

అసలు తప్పు మార్చిలో జరిగింది. అద్దం మీద పచ్చని మచ్చలు, హైగ్రోఫిలా చివళ్ల మీద వెంట్రుకల వంటి పాచి కనిపించగానే, పాచికి తిండి ఎరువే గనుక ఎరువు ఆపితే పాచి చస్తుందని అనుకొని, వారం వారం వేస్తున్న ద్రవ ఎరువును పూర్తిగా మానేశాను; దీపం మాత్రం మునుపటిలాగే రోజుకు పది గంటలు వెలుగుతూనే ఉంది. మూడు వారాలకు హైగ్రోఫిలా ముదురు ఆకులు పసుపుబారి, వాటికి సూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. అద్దం మీది మచ్చలు మాత్రం పాత బ్లేడుతో గీకితే తప్ప ఊడనంత గట్టిపడ్డాయి. అనూబియాస్ ఆకుల అంచుల వెంట, ఫిల్టరు నీరు పడే గొట్టం మూతి దగ్గర నల్లని గడ్డం లాంటి పాచి మొలిచింది.

జరిగినది ఇప్పుడు అర్థమవుతోంది. పాచికి కావలసిన పోషకం చాలా కొద్ది, చేపల విసర్జన ఒక్కటే దానికి చాలు. ఎరువు ఆపితే ముందు పస్తు పడేది మొక్కలే, నీరసించిన ఆకుల మీదే పాచి ముందుగా కుదురుకుంటుంది. మొక్క వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ పడిన వెలుగు అంతా పాచి పాలవుతుంది. అద్దం మీది గట్టి పచ్చ మచ్చలు ఫాస్ఫేటు మరీ తక్కువైన తొట్లలో తరచు కనిపిస్తాయి. అంటే నేను ఎరువు ఆపి వాటికి మేలే చేశాను.

ఏప్రిల్ మొదటి వారంలో దీపాన్ని టైమరుకు తగిలించి ఆరు గంటలకు కుదించాను, నాలుగు అంగుళాలు పైకి లేపాను, ఉదయపు ఎండ తొట్టి మీద పడే కిటికీకి మందపు తెర కట్టాను. ఆ ఎండ నలభై నిమిషాలే కదా అని అంతవరకు పట్టించుకోలేదు గాని, ఆ వైపు అద్దం మీదే పాచి రెట్టింపు ఉండేది.

ఎరువు మళ్లీ మొదలుపెట్టాను. చిన్న సీసాల ధర చూసి వెనకాడి, మదనపల్లె దగ్గర డ్రిప్పు మీద టమోటా పండించే మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోను చేస్తే, ‘‘ఏంరా, చేపలకు టమోటాలు కాపిస్తావా?’’ అని నవ్వి, 13-0-45, 0-52-34 అనే ఎరువుల ప్యాకెట్ల నుంచి కొంత కొంత కట్టి పంపాడు. మొదటిది పొటాషియం నైట్రేటు, రెండోది మోనో పొటాషియం ఫాస్ఫేటు. తోటల్లో వాడే 19-19-19ను మాత్రం తొట్టిలో వేయరాదు; అందులోని నత్రజనిలో కొంత అమ్మోనియా రూపంలో, కొంత యూరియా రూపంలో ఉంటుంది, అమ్మోనియా చేపలకు విషం.

వంటింటి త్రాసు అర గ్రామును తూచలేదు కాబట్టి ద్రావణాలు చేసుకున్నాను. 25 గ్రాముల పొటాషియం నైట్రేటును కలిపి అర లీటరు చేసుకుంటే, అందులో 10 మిల్లీలీటర్లకు అర గ్రాము వస్తుంది, నా తొట్టిలో అది లీటరుకు 5 మిల్లీగ్రాములకు కాస్త పైన నైట్రేటు ఇస్తుంది. 5 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేటును కలిపి ఇంకో అర లీటరు చేశాను. అందులో 5 మిల్లీలీటర్లు వేస్తే లీటరుకు 0.6 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు. రెండూ వారానికి రెండుసార్లు వేసి, ఆదివారం సగం నీరు మారుస్తాను. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టడానికి సోడియం థయోసల్ఫేటు కలుపుతాను. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒక వారం 280, ఇంకో వారం 410 చూపింది. ఈ ఊరికి పుళల్, చెంబరంబాక్కం, వీరాణం చెరువులు, ఉప్పు తీసిన సముద్రపు నీరు, కండలేరు నుంచి పూండికి వచ్చే మన కృష్ణమ్మ, ఇన్ని దిక్కుల నుంచి నీరు వస్తుంది కాబట్టి, మార్చే ప్రతిసారీ మీటరు పెట్టి చూడక తప్పదు.

మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి అనే ఎండల్లో, నీటి వేడి 32.5 డిగ్రీలకు చేరింది. వేడినీటిలో వాయువులు తక్కువగా కరుగుతాయి కాబట్టి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు దిగింది, కాని రోజుకు లీటరు నీరు ఆవిరైపోయేది. దాన్ని కుళాయి నీటితో పూరిస్తే లవణాలు పేరుకుంటాయి కాబట్టి ఆర్వో నీరు పోశాను.

నల్ల గడ్డం మాత్రం వెలుగు తగ్గించినా కదల్లేదు, పెరగడం ఆగింది అంతే. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు 20 వాల్యూముల సీసా, అంటే 6 శాతం ద్రావణం. దానికి అంతే ఆర్వో నీరు కలిపి 3 శాతానికి దించాను. ఫిల్టరు ఆపి, సిరంజితో 15 మిల్లీలీటర్లను మచ్చల మీదనే మెల్లగా వదిలి, పది నిమిషాలు ఆగి, ఫిల్టరు నడిపి సగం నీరు మార్చాను. మూడో రోజుకు నలుపు గులాబీ రంగుకు తిరిగింది. చూడటానికి నల్లగా ఉన్నా అది ఎర్ర పాచి జాతిది, పైనున్న రంగులు పోయాక లోపలి ఎరుపు బయటపడుతుంది. వాలిస్నేరియా కొసలు ఆ వారం కొంత కరిగాయి, రెండోసారి ఆ మొక్కకు దూరంగా వదిలాను.

ఈ మధ్యలో పాచి తినే చేప కోసం కొళత్తూరు వెళ్లి, ఒక దుకాణంలో సయామీస్ ఆల్గీ ఈటర్ అని చెప్పిన రెండు పిల్లలను తెచ్చాను. ఇంటికి వచ్చాక చూస్తే నోరు రాతికి అతుక్కునే చప్పరింపు నోరు, అది చైనీస్ ఆల్గీ ఈటర్ అనే వేరే రకం. పెద్దదై మిగతా చేపలను వేధిస్తుంది. సయామీస్ రకానికి నల్ల గీత తోక కొస దాకా సాగుతుంది, ఆ గుర్తు ముందే తెలుసుకుని వెళ్లాల్సింది. వాటిని తిరిగి ఇచ్చి మూడు నెరైట్ నత్తలు తెచ్చుకున్నాను. అవి అద్దం మీది గట్టి మచ్చలను తింటున్నాయి, కొయ్య మీద తెల్ల గుడ్లు మాత్రం పెడతాయి. ఆ గుడ్లు మంచినీటిలో పొదగవు, వాటిని గీకి తీయడం నా వంతు.

జూన్ చివరి ఆదివారం లెక్క ఇది: హైగ్రోఫిలా నీటి మట్టాన్ని తాకింది, దాని కొత్త ఆకుల్లో చిల్లులు లేవు. అద్దం పది రోజులకు ఒకసారి తుడిస్తే చాలుతోంది. అనూబియాస్ రెండు ముదురు ఆకుల అంచున నల్ల మచ్చ ఇంకా ఉంది. వాటిని కోసేద్దామా అని రెండుసార్లు కత్తెర పట్టి, ఆ మొక్కకు ఉన్నవే తొమ్మిది ఆకులు కావడంతో ఊరుకున్నాను. దీపాన్ని వచ్చే వారం ఆరున్నర గంటలకు పెంచి చూస్తాను.