గుడ్డ కాని ఈత దుస్తులు

2009 జులై 28న రోమ్‌లో జరిగిన ప్రపంచ ఈత పోటీల 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్లో జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ 1:42.00లో గమ్యం చేరి, మైకేల్ ఫెల్ప్స్‌ను సెకనుకు పైగా తేడాతో ఓడించాడు. బీడర్‌మన్ ఒంటి మీద పూర్తిగా పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన అరీనా కంపెనీ ఎక్స్‌-గ్లైడ్ సూట్ ఉండగా, ఫెల్ప్స్ అంతకు ముందు ఏడాది వచ్చిన స్పీడో కంపెనీ సూట్ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్‌తో దిగాడు. అన్యాయమన్న గగ్గోలు అప్పుడు బాగానే లేచింది గానీ, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అదే ఎల్‌జెడ్‌ఆర్ ఇతరులను వెనక్కి నెట్టినప్పుడు ఆ గొంతుల్లో కొన్ని వినిపించలేదు.

నీటి సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు ఎక్కువ కాబట్టి, ఈతగాడి శక్తిలో చాలా భాగం నీటి నిరోధాన్ని అధిగమించడానికే ఖర్చవుతుంది. ఒంటికి నీరు రాసుకోవడం, శరీరం వెనుక సుడులు ఏర్పడటం, ఉపరితలంపై అలలు లేవడం అనే మూడూ కలిసి ఆ నిరోధం అవుతాయి. సొరచేప చర్మాన్ని అనుకరిస్తున్నామంటూ 2000లో స్పీడో తెచ్చిన ఫాస్ట్‌స్కిన్ మొదటిదాని మీద గురిపెట్టింది. అయితే ఆ గుడ్డ ఉపరితలం సొరచేప చర్మంలా పనిచేయదని హార్వర్డ్‌లో జార్జ్ లాడర్ బృందం తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. నా దృష్టిలో అది చాలావరకు ప్రచారమే.

అసలు మార్పు బిగింపుతో వచ్చింది. నాసా గాలి సొరంగంలో రకరకాల గుడ్డలను పరీక్షించి రూపొందించిన ఎల్‌జెడ్‌ఆర్‌లో దారంతో కుట్టు వేయకుండా అంచులను అల్ట్రాసోనిక్ పద్ధతిలో అతికించి, పైన పాలియురేథేన్ పలకలు అమర్చారు. తొడుక్కోవడానికే ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఆ సూట్ మెత్తని కండను అదిమిపెట్టి శరీరాన్ని సన్నని గొట్టంలా మార్చేది. ఆ మరుసటి ఏడాది వచ్చిన పూర్తి పాలియురేథేన్ సూట్లు నీటిని పీల్చకపోవడమే కాక, లోపల గాలిని నిలిపి ఈతగాడిని కాస్త పైకి తేల్చాయన్నది ప్రధాన ఆరోపణ. రోమ్ పోటీల్లో మొత్తం 43 ప్రపంచ రికార్డులు నమోదయ్యాయి.

2010 జనవరి 1 నుంచి అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా వీటిని నిషేధించింది. పురుషులకు నడుము నుంచి మోకాలి వరకు, స్త్రీలకు భుజం నుంచి మోకాలి వరకు మాత్రమే అనుమతించింది. అందరూ ఈ కొలతల గురించే మాట్లాడతారు గానీ, సూట్ నేత గుడ్డతోనే ఉండాలనీ, దాని గుండా గాలి ఆడాలనీ పెట్టిన షరతే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. పాత రికార్డులను మాత్రం రద్దు చేయలేదు. రోమ్‌లో బీడర్‌మన్ నెలకొల్పిన 400 మీటర్ల రికార్డును 2025 ఏప్రిల్‌లో లూకాస్ మేర్టెన్స్ 3:39.96తో చెరిపేశాడు, 200 మీటర్లది అప్పటికీ చెక్కుచెదరలేదు.